రూతమ్మ ఏరిన ఇరవై నాలుగు ఇండ్లు

రూతమ్మకు పాము భయం లేదు, పోలీసు భయం లేదు. అత్త కొమురమ్మ భయం కూడా లేదు, ఆ ఊళ్ళో అది అందరికీ ఉన్నా సరే. ఆమెకు ఉన్న భయమల్లా ఒక్కటే: మళ్ళీ బీడీలు చుట్టాల్సి వస్తుందేమోనని.

కోరుట్ల చుట్టుపక్కల ఆడవాళ్ళు బీడీలు చుట్టడం వింతేమీ కాదు. ఏడేళ్ళ వయసులో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రూతమ్మ ముప్పై దాటేదాకా లేవలేదు. వేళ్ళు పొగాకు రంగుకు తిరిగాయి. ఛాతీలో ఒక దగ్గు చేరి, అద్దె లేకుండా కాపురం పెట్టింది. అప్పుడు మా సర్కారు సోయా క్షేత్రంలో కూలీలు కావాలని తెలిసి వచ్చింది. మొదటిరోజు గట్టు మీద నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, "సారూ, ఈడ గాలికి ఏ వాసన లేదు" అంది. ఎరువుల గుట్ట పక్కన నిలబడి ఆ మాట అన్న మనిషిని నేను ఆమె తప్ప ఇంకొకరిని చూడలేదు.

నేను ఆ క్షేత్రంలో ఫీల్డ్ అసిస్టెంటుని, పేరు నరేందర్. జగిత్యాల నుంచి రోజూ బండి మీద వచ్చేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అబద్ధం. అది ముక్కు దిగి నోట్లోనే ఉంటుంది. మా పై అధికారి ఖాలిద్ సారుకు మాత్రం కోపం ఎలా వస్తుందో తెలియదు. కోరుట్ల మనిషే. సోయా మొక్కను చూస్తూ తన పెళ్ళి రోజు మరచిపోయిన చరిత్ర ఉంది ఆయనకు. మరుసటి సంవత్సరం గుర్తుపెట్టుకుని, భార్యకు ఒక గుప్పెడు నల్ల సోయా గింజలు బహుమతిగా ఇచ్చాడు. కహకషాన్ మేడం వాటిని వండి పెట్టింది.

మా క్షేత్రంలో రెండు వందల నలభై రకాల సోయా ఉండేది. ఒక్కో రకానికి ఒక మడి, మడికి నాలుగు సాళ్ళు. కొత్త వంగడం పుట్టించాలంటే తల్లీ తండ్రీ కావాలి కదా, ఆ తల్లుల్నీ తండ్రుల్నీ దేశం నలుమూలల నుంచి తెచ్చి పెట్టిన చోటు అది. సోయా విత్తనానికి ఆయుష్షు తక్కువ, ఏడాది తిరిగేసరికి సగం మొలవదు. అందుకే ఏటా విత్తాలి, ఏటా కోయాలి, ఒకదానితో ఒకటి కలవకుండా మూటలు కట్టి చల్లటి గదిలో పెట్టాలి. ఈ పనికి పన్నెండు మంది ఆడవాళ్ళు ఉండేవారు.

ప్రతి మడికీ నంబరు రాసిన రేకు ముక్క ఉంటుంది. రూతమ్మకు నంబర్లు రావు. రాకపోతే నోరు మూసుకుని ఉండొచ్చు కదా? అన్నిటికీ పేర్లు పెట్టింది. నిటారుగా పెరిగి, తెల్లపూలు పూసి, చివరికి నాలుగు కాయలు కాసేది దొరసాని. మొదటి గాలికే పక్కవాడి భుజం మీద వాలిపోయేది మల్యాల బావ. పురుగు వచ్చిందని ఊరందరికంటే ముందు ఆకులు ముడుచుకునేది గొల్లపల్లి కోడలు. కాయ నిండా వెంట్రుకలున్న రకానికి ఏకంగా తన మొగుడు పోశం పేరు పెట్టింది. పోశం భీవండిలో మగ్గం నేస్తాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. "సారూ, పోశం పూతకచ్చిండు" అని ఆమె కేక వేస్తే మేము పుస్తకంలో నూట అరవై మూడు పూతకు వచ్చిందని రాసుకునేవాళ్ళం. ఒకసారి హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చి ఇదేమిటని అడిగితే, ఖాలిద్ సారు పరధ్యానంగా "ఇది దొరసాని, సర్" అన్నాడు. అధికారి ఆ మాట రాసుకున్నాడు కూడా.

ఇలా సాగుతుండగా రెండు వేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడుల్లేవు, బొగ్గు లేక కరెంటు లేదు. నేనూ సమ్మెలోకి దిగాను. ఊరికే దిగితే నేను నరేందర్‌ని ఎందుకవుతాను? మా ఆఫీసు గదికి అప్పటికే ఉన్న సర్కారు తాళం మీద ఉద్యోగ సంఘం తరఫున ఇంకో తాళం వేసి, ఆ తాళంచెవిని మా అధ్యక్షుడి జేబులో వేసి, ఆయనను హైదరాబాదు ధర్నాకు సాగనంపాను. అందరూ చప్పట్లు కొట్టారు. మొక్కల ఎత్తు, పూత, కాపు, గింజ రంగు, ఆరేళ్ళుగా కొలిచి రాసిన పుస్తకాలన్నీ ఆ గదిలోనే ఉన్నాయని నాకు రెండో రోజు గుర్తొచ్చింది.

నెలాఖరుకు సోయా పండింది. పండిన సోయాకు సమ్మె అర్థం కాదు. కోయకపోతే ఎండకు కాయ చిట్లి గింజలు నేల రాలుతాయి. చల్లటి గదిలో పాత విత్తనం ఉంది కదా అంటే, కరెంటు లేక ఆ గది అప్పటికే వంటిల్లులా ఉడికిపోతోంది. అంటే ఈ ఏటి పంట చేతికి రాకపోతే వచ్చే జూన్‌లో విత్తడానికి ఏమీ ఉండదు. విత్తడానికి లేని క్షేత్రాన్ని ఎవరు నడుపుతారు? మూసేస్తారు. ఈ మాట ఖాలిద్ సారు గట్టు మీద నిలబడి నాతో అంటుంటే, వెనక నుంచి రూతమ్మ వింది.

"మూస్తే మేము యాడికి పోవాలె సారు?" అంది.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నిజంగా వచ్చిందో, బీడీలు గుర్తొచ్చి వచ్చిందో నాకు తెలియదు.

మిగతా పదకొండు మంది రావడం లేదు. ఎందుకంటే వాళ్ళ ఊరి ఉద్యమ కమిటీ రోజూ మైకులో చెబుతోంది: చందుర్తి పోయే రోడ్డు మీద రాస్తారోకో, ఇంటికొకరు రావాలి, రాని ఇంటి పేరు మైకులో చదువుతాం. మైకులో పేరు చదివించుకోవడం కంటే బావిలో దూకడం నయమని ఆ ఊరి నమ్మకం. రూతమ్మ ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆమే, అత్తా. కాబట్టి ఎనభై ఏళ్ళ కొమురమ్మను ఇంటి తరఫున రోడ్డు మీద కూర్చోబెట్టి, తాను పొలానికి వచ్చింది.

"నువ్వు సమ్మెల లేవా?" అన్నాను చిరాగ్గా.

"సమ్మె చెయ్యాల్నంటె రిజిష్టర్ల పేరుండాలె గద సారు. నాకు యాడుంది?" అంది. తెలంగాణ కోసం గొంతు చించుకుని అరిచిన వాణ్ణి, ఈ ప్రశ్నకు జవాబు ఏ ప్రసంగంలోనూ వినలేదు.

ఖాలిద్ సారు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఒక్క మనిషి. రోజుకు నాలుగు మళ్ళు కోసి, ఆరబెట్టి, కొట్టి, మూట గట్టొచ్చు. కాయలు ఇంకో ఆరు రోజులు ఆగుతయి. అంటె ఇరవై నాలుగు. బస్. రెండు వందల నలభైల వందకు పది. అన్నిట్ల నుంచి కొన్నే దాచాల్నంటె పుస్తకాలల్ల ఖాయిదా గూడ గదే."

"గుప్పెడు గుప్పెడు అన్నిట్లకెళ్ళి తీస్తె అయిపాయె గద సార్?"

"గుప్పెడు గింజలల్ల సగం మొలువయి నరేందర్. మిగిలినయి పిట్టలు తింటయి. పెడితె కడుపు నిండ పెట్టాలె."

"అయితె మంచిగ కాసినయి ఇరవై నాలుగు తీద్దాం. ఇంత ఆలోచన దేనికి?"

"అరె భాయ్, మంచియి అన్నీ ఒక్క తీర్గనే ఉంటయి. ఇరవై నాలుగు తీసినా ఒక్కటి తీసినట్టే. రేపు కొత్త తెగులస్తే దాన్ని ఆపే గుణం ఏ పనికిరాని మొక్కల ఉన్నదో మనకేం ఎర్క? రెండు వందల నలభైల ఎన్ని తీర్లున్నయో అన్ని తీర్లూ ఈ ఇరవై నాలుగుల రావాలె. ఏ తీరు గూడ తప్పిపోవద్దు." ఆయన నిట్టూర్చాడు. "కంప్యూటరుంటే చిటికెల పని. కొలతలన్నీ అండ్లేస్తే అదే గుంపులు చేసి, గుంపుకొకటి తీసిస్తది. కంప్యూటరుకు కరెంటు లేదు. కొలతలకు తాళం."

రెండో తాళం గురించి ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

"గిదేమన్న పెద్ద పనా సారు?" అంది రూతమ్మ. "మైకుల రోజు చెప్తనే ఉన్నరు గద, ఇంటికొక్కలు రావాలె అని. గట్లనే ఇంటికొకటి తీస్త."

"మొక్కలకు ఇండ్లేంది?" అన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూసి మళ్ళలోకి దిగింది. పాత చీర పేలికలు చేతిలో పట్టుకుని, ఒక్కో మడి దగ్గర ఆగి, పేరు పెట్టి పిలుస్తూ, చుట్టరికాలు చెబుతూ నడిచింది. దొరసాని, దాని ఆరుగురు చెల్లెళ్ళు ఒక ఇల్లు, అందరూ పొడుగు, అందరికీ తెల్లపూలు. వాళ్ళలో దొరసానికే పేలిక కట్టింది. వాలిపోయేవాళ్ళది ఒక ఇల్లు, దానికి మల్యాల బావ. నల్లగింజల వాళ్ళు ఎనిమిది మంది, "అందరు ఒక్క తల్లి పిల్లలే, ఒక్కడు చాలు." తొందరగా పూసేవాళ్ళు, ఆలస్యంగా పూసేవాళ్ళు, కాయ గట్టిగా పట్టుకునేవాళ్ళు, చూస్తుండగానే రాల్చుకునేవాళ్ళు. వెంట్రుకల కాయల ఇంటి నుంచి పోశం రాక తప్పలేదు.

మేమిద్దరం గట్టు దిగలేదు. సమ్మెలో ఉన్నాం కదా. చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె ఇటు నడిస్తే ఇటు, అటు నడిస్తే అటు గట్టు మీద నడిచాం. ఒకచోట ఒక కొమ్మ నా కాలికి తగిలితే, అది పని కింద వస్తుందేమోనని కాలు వెనక్కి తీసుకున్నాను.

చివరి మూల మడిలో ఆకులన్నీ పసుపు పట్టి, మనిషి మోకాలికి కూడా రాని మొక్కలున్నాయి. ఆ మడికి ఆమె పేలిక కట్టేసరికి నాకు తిక్క రేగింది. "గది దేనికి? దానికి పట్టుమని పది కాయల్లేవు!"

"గా ఇంటి దిక్కెల్లి ఎవలు మాట్లాడాలె మరి?" అంది.

ఖాలిద్ సారు గట్టు మీదే చప్పట్లు కొట్టాడు. "గదే! నేను మూడేండ్ల సంది నరేందర్‌కు చెప్పేది గదే!"

ఆరు రోజులు ఆమె ఒక్కతే కోసింది, టార్పాలిన్ పరదా మీద ఎండేసింది, కర్రతో కొట్టింది, చెరిగింది. ఒక్కో రకానికి ఒక్కో గుడ్డ సంచి, ఆ మడికి కట్టిన చీర పేలికతోనే మూతికి ముడి. ఆరో రోజుకు ఇరవై నాలుగు మూటలు వరసగా నిలబడ్డాయి. మిగతా రెండు వందల పదహారు మళ్ళలో మధ్యాహ్నం ఎండకు కాయలు టప్పు టప్పుమని పగులుతుంటే, రూతమ్మ ఆ చప్పుడు వినలేక పాట పాడుతూ పనిచేసింది. ఆమె పాట ఎలా ఉంటుందంటే, నాకు కాయలు పగిలే చప్పుడే బాగుందనిపించింది.

ఆ మూటలు సిరిసిల్ల చేరాలి. అక్కడ ఒక గిడ్డంగిలో జనరేటరుతో నడిచే చల్లటి గది ఉంది, అందులో సారు ఒక అర అడిగి పెట్టుకున్నాడు. ఏడో రోజు పొద్దున రూతమ్మ మూటలను రేకు పెట్టెలో సర్ది, ఆ ఊరి మునావర్ ఆటోలో ఎక్కింది. నేనూ సారూ నా బండి మీద వెనక బయల్దేరాం. సారు దారిలో రెండుసార్లు బండి ఆపించి ఎవరిదో సోయా చేను చూడటంతో మేము వెనకబడ్డాం.

ఇక కొమురమ్మ సంగతి చెప్పాలి. వారం రోజుల్లో ఆ ముసలమ్మ ఉద్యమానికి తలమానికమైపోయింది. రోడ్డు నడుమ గోనెసంచి పరుచుకుని కూర్చుంటే లారీ డ్రైవర్లు ఇంజను ఆపి దండం పెట్టేవారు. ఒకరోజు కమిటీ పెద్ద మైకు ఇచ్చి, "తెలంగాణ ఎందుకు రావాలో చెప్పు కొమురవ్వా" అన్నాడు. ఆమె గొంతు సవరించుకుని, "తెలంగాణ అస్తె నా కోడలికి బుద్ధి అస్తదంటున్నరు. రానియ్యుండ్రి" అంది. జనం ఈలలు వేశారు. మరుసటి రోజు నుంచి పొద్దున్నే ఆమెకు రెండు చాయ్‌లు, మైకు పక్కన జాగా.

ఏడో రోజు రాస్తారోకోతో పాటు వంటా-వార్పు కూడా పెట్టారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, రోడ్డు మీదే తినడం. దానికో కట్టుబాటు ఉంది: ఇంటికో మూట గింజలు తేవాలి. బొబ్బర్లో, పెసర్లో, శనగలో, ఏవైతే అవి. అన్నీ పరదా మీద పోసి, రాళ్ళు ఏరి, పెద్ద గంజులో గుడాలు ఉడికిస్తారు. కొమురమ్మ పొద్దున బయల్దేరేటప్పుడు ఇంట్లో వెతికితే ఏ గింజా దొరకలేదు, కోడలు వారం రోజులుగా పొలంలోనే ఉంది కదా. ముసలమ్మ వట్టిచేతులతో వచ్చింది. వారం రోజులు రాణిలా కూర్చున్న చోట వట్టిచేతులతో కూర్చోవడం ఎంత అవమానమో ఆలోచించండి.

సరిగ్గా అప్పుడు ఆటో వచ్చి ఆగింది. రూతమ్మ దిగి, ఆటోను పోనివ్వమని బతిమాలడానికి రోడ్డు అవతల చెట్టు నీడలో ఉన్న కమిటీ పెద్ద దగ్గరికి పరుగెత్తింది. కొమురమ్మ ఆటోలోకి తొంగిచూసి రేకు పెట్టె మూత ఎత్తింది. లోపల చిన్న చిన్న గుడ్డ మూటలు, ఒక్కోదానికి ఒక్కో రంగు పేలిక. పరదా దగ్గర పడి ఉన్న మూటలు కూడా అచ్చం అలాగే ఉన్నాయి. ముసలమ్మ కళ్ళు చెమర్చాయట. కోడలికి నిజంగానే బుద్ధి వచ్చిందనుకుంది.

మునావర్ వద్దనబోయాడు. కొమురమ్మకు వద్దని చెప్పి బతికి బట్టకట్టిన ఆటో డ్రైవరు లేడు. నలుగురు ఆడవాళ్ళు చేతులు వేసి పెట్టె దించారు.

మేము రాస్తారోకో జరిగే ఆ చౌరస్తా చేరేసరికి మైకు గట్టిగా మోగుతోంది: "కొమురవ్వ ఇంటి తరఫున ఒక్క మూట కాదు, రెండు మూటలు కాదు, ఇరవై నాలుగు మూటలు! ఇరవై నాలుగు ఇండ్ల పెట్టు ఒక్క ఇల్లే పెట్టింది! రూతమ్మకు జోహార్లు!" జనమంతా చప్పట్లు. చెట్టు కింద కమిటీ పెద్ద కూడా రూతమ్మ ఎదురుగానే నిలబడి ఆమెకే చప్పట్లు కొడుతున్నాడు. ఆమె ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూసింది. ఆ తర్వాత పరుగెత్తింది.

పరదా మీద ఇరవై నాలుగు రకాలూ ఒక్కటే కుప్ప. ఊరి బొబ్బర్లు, పెసర్లు ఒక పక్కన అప్పటికే గంజులో పడ్డాయి, ఇది రెండో వాయి. కొమురమ్మ మొదటి చాట నింపుకుని, సలసల కాగుతున్న నీళ్ళ మీదికి ఎత్తింది.

"అత్తా! చేతులు తియ్యి!"

ఇరవై రెండేళ్ళలో ఆ కోడలు ఆ అత్త మీద గొంతు లేపడం అదే మొదటిసారి. కొమురమ్మ చాట కిందపెట్టింది. ఆమెకు కూడా అదే మొదటిసారట, ఒకరు చెబితే వినడం.

రూతమ్మ కుప్ప పక్కన కూలబడిపోయింది. రెండు చేతులతో గింజలు తీసి వేళ్ళ సందుల్లోంచి వదులుతూ, "అయిపాయె. మల్ల బీడీలే నాకు. మల్ల గదే చాట" అని ఏడ్చింది. పెద్దగా, దాపరికం లేకుండా ఏడ్చింది. ఖాలిద్ సారు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మైకు వాడి మీద అరిచాను. ఆ అరుపు మైకులోంచే వెళ్ళింది.

కొమురమ్మ కోడలి పక్కన కూర్చుంది. "ఏందే పిల్లా, గవి గుడాలకు కావా?" అంది మెల్లగా. విషయం తెలిశాక కుప్పలోంచి ఒక గింజ తీసి కంటి దగ్గర పెట్టుకుంది. "ఇది నల్లగుంది. ఇది పచ్చగుంది. ఇంత అలాయిదగ, దేనికదిగ ఉన్నదాన్ని ఏరరాదా? బియ్యంల మెరిగలు ఏరుతలేమా?"

రూతమ్మ ముక్కు చీదుకుని గింజల వైపు చూసింది. తర్వాత లేచి, ఖాళీ గుడ్డ సంచులను ఒక్కొక్కటే తిరగేసి దులిపింది. ప్రతి సంచి కుట్టులోనూ రెండో మూడో గింజలు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని నమూనాగా పెట్టి, ఇరవై నాలుగు సంచులను రోడ్డు మీద వరసగా పరిచింది. "ఇగో, గీ నల్లది, మెరిసేది ఈడ. నల్లదే గని మెరువనిది ఆడ. గింజ కాయకంటుకునే కాడ కన్ను గోధుమ రంగుంటె పోశం సంచి. కన్నే లేకుంటె దొరసాని." చాట ఒళ్ళో పెట్టుకుని ఏరడం మొదలుపెట్టింది.

అక్కడున్న ఆడవాళ్ళందరూ బీడీలు చుట్టేవాళ్ళే. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేళ్ళు అవి. అమృత, గౌరవ్వ, మా క్షేత్రంలో పనిచేసే మిగతా తొమ్మిది మంది, వాళ్ళ ఆడబిడ్డలు, వదినలు అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆ వేగం చూడాలి. ఖాలిద్ సారు అటూ ఇటూ చూసి తానూ బాసింపట్టు వేసుకున్నాడు.

"సార్, సమ్మె," అన్నాను.

"ఇది ఆఫీసు పని ఎట్లయితది? వంటా-వార్పుల పప్పు ఏరుతున్న," అన్నాడు. నేనూ కూర్చున్నాను.

నాకు సిగ్గేసింది అప్పుడే. నేను చెప్పినట్టు బాగా కాసిన ఇరవై నాలుగే తీసి ఉంటే, అన్నీ ఒకే పసుపు, ఒకే లావు, ఒకే గుండ్రన. బ్రహ్మదేవుడు దిగొచ్చినా వేరు చేయలేడు, ఆ రోజుకు గుడాలే గతి. ఇంటికొకటి తీసింది కాబట్టి ఏ గింజా పక్క గింజను పోలి లేదు.

సాయంత్రం నాలుగింటికి కార్యక్రమం అయిపోయిందని కమిటీ పెద్ద ప్రకటించాడు. ఒక్కరూ లేవలేదు. ఎస్సై వచ్చి, "టైం అయింది గదమ్మా, లేవుండ్రి" అన్నాడు. "కాళ్ళు తియ్యి బిడ్డా, గింజల మీద నిలవడ్డవు," అంది కొమురమ్మ. ఆయన కంగారుగా ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆగిపోయిన జీపుల్లోని ప్రయాణికులు కూడా దిగి తలో చాటా అందుకున్నారు. పొద్దు వాలేముందు చివరి గింజ సంచిలో పడింది. మరునాడు పత్రికలో వార్త వచ్చింది: చెదరని మహిళల పట్టుదల, గడువు దాటినా రెండు గంటలు రాస్తారోకో.

ఒక్క తిరకాసు వచ్చింది. రెండు సంచుల నమూనాలు అచ్చం ఒకేలా ఉన్నాయి. ఎర్రటి చిన్న గింజ, పక్కన తెల్లటి చార. ఎవరు ఎంత చూసినా తేడా దొరకలేదు. ఖాలిద్ సారు కళ్ళద్దాల మీంచి రూతమ్మను చూశాడు.

ఆమె తల దించుకుంది. "ఒక్క ఇంటియే సారు. ఆ ఇంటి నుంచి ఇద్దర్ని తీసిన."

"దేనికి?"

"రెండోదాని మొక్క చిన్నగ, గుజ్జుగ, పొట్టిపిల్లలెక్క ఉంటది. చూస్తె ముద్దస్తది. ఇడిశిపెట్టబుద్ధి కాలే."

సారు నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. రెండిటినీ ఒకే సంచిలో పోసి, లెక్కను ఇరవై మూడు చేశాడు. మునావర్ ఆటో సిరిసిల్ల చేరింది.

సమ్మె విరమించాక తాళాలు తీశారు, కరెంటు వచ్చింది, కంప్యూటరు కూడా తన ఇరవై నాలుగు ఎంచింది. రూతమ్మ ఏరినవాటిలో తొమ్మిదే అందులో ఉన్నాయి. కంప్యూటరు కోరిన మిగతా పదిహేనూ అప్పటికి ఎలుకల కడుపుల్లో ఉన్నాయి. సారు పైకి పంపిన నివేదికలో ఎంపిక పద్ధతి గురించి రెండు పేజీల ఇంగ్లీషు రాశాడు. నేను చదివాను. కొమురమ్మ పేరు అందులో లేదు గానీ, ఆ ఇంగ్లీషు వెనక, ఇంటికొకరి లెక్కన ఆమె రోడ్డు మీద పరుచుకున్న గోనెసంచి నాకు కనిపించింది.

జూన్ వచ్చింది. క్షేత్రం మూయలేదు. ఆ ఉత్తర్వు చదివి నేను గట్టు మీద గెంతాను. ఉత్తర్వుకు రెండో పేజీ ఉందని సారు చెప్పాడు. ఇరవై మూడు మళ్ళకు పన్నెండు మంది కూలీలు ఎందుకు, రోజుకు ఇద్దరు చాలని అందులో ఉంది.

సారు రూతమ్మను పిలిచాడు. ఒక పేరు ఆమెదేనని, రెండో పేరు ఆమెనే చెప్పమని అన్నాడు. బయట వేపచెట్టు కింద మిగతా పదకొండు మంది కూర్చుని ఉన్నారు. రోడ్డు మీద ఆ గింజలు ఏరింది వాళ్ళే. తమ చేతులు నిలబెట్టిన క్షేత్రంలో తమకే పని లేదని అప్పటికి వాళ్ళకింకా తెలియదు.

రూతమ్మ కిటికీలోంచి వాళ్ళను చూసింది. "గింజలను ఏరుమన్నరు, ఏరిన. మిగిలినయి రాలిపోయినయి," అంది. "గౌరవ్వను ఎట్ల రాల్చుత సారు? అమృతను ఎట్ల రాల్చుత?"

"నీ పేరైతే ఉంటది రూతమ్మా. దాన్ని ఎవలు తియ్యరు."

ఆమె తల అడ్డంగా ఊపి, వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. పన్నెండు మంది. రోజుకు ఇద్దరు. వారానికి ఆరు రోజుల పని. లెక్క సరిగ్గా సరిపోయింది, ఒక్కొక్కరికి వారానికి ఒక్క రోజు. అలాగే రాయమంది. నేను రాశాను. నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కోపం అలవాటే కాబట్టి దాన్నే పైకి చూపించాను.

"పిచ్చిదానివా? ఐదు రోజులు మల్ల బీడీలు చుడతవా?"

"చుడత," అంది. "ఆరు గాదు గద."

ఆమె వంతు గురువారం. ఆ రోజు మా అందరికంటే ముందే వస్తుంది. వచ్చి నేరుగా బోరు దగ్గరికి పోయి, సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుంటుంది, మూడుసార్లు. గోళ్ళ సందులు పుల్లతో గీక్కుంటుంది. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నచ్చకపోతే నాలుగోసారి కడుగుతుంది. ఎందుకని ఒకసారి అడిగాను.

"విత్తనానికి పొగాకు వాసన అంటుతది సారు," అని చెప్పి, కొంగుతో తుడుచుకుని మడిలోకి దిగింది.